ఏ విజయరామరాజు, ఏ రామ్మూర్తి: ఉత్తరాంధ్రలో ఒకే పేరున్న వేర్వేరు పెద్దలు

విజయనగరం మహారాజు విజయరామ గజపతి గారు ఫలానా పని చేశారు అని ఎక్కడైనా కనిపిస్తే ముందు తేల్చుకోవాల్సింది ఏ విజయరామ గజపతి అని. పూసపాటి వంశంలో ఆ పేరు ఒక్కరిది కాదు, రెండు వందల ఏళ్ళకి పైగా ఆ ఇంట్లో తిరుగుతూనే ఉంది. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యాన్ని వెంటేసుకుని బొబ్బిలి మీదకి వెళ్ళి, గెలిచాక తన డేరాలోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయినాయన ఒక విజయరామరాజు, ఈయన్ని జనం పెద విజయరామరాజు అంటారు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయినాయన ఇంకో విజయరామరాజు, చిన విజయరామరాజు అన్నమాట. ఇద్దరి చావుకీ మధ్య 37 ఏళ్ళు తేడా. ఒకాయన బొబ్బిలి వాళ్ళ కథలో విలన్, రెండో ఆయన కంపెనీకి ఎదురు నిలిచిన వీరుడు, కానీ పేరొకటే కావడంతో చదివేవాళ్ళు చాలామంది ఇద్దర్నీ కలిపేసి, బొబ్బిలి యుద్ధంలో చనిపోయినాయనే పద్మనాభంలో చనిపోయాడా లేక పద్మనాభం ముందు జరిగిందా అని తికమక పడతారు.

అక్కడితో అయిపోలేదు. 1826లో పుట్టి 1879లో చనిపోయినాయన కూడా విజయరామ గజపతే, 1857లో పెట్టిన స్కూలు ఈయన కాలందే, అదే తర్వాత మహారాజా కాలేజీ అయింది. 1883లో పుట్టి 1922లో చనిపోయినాయన మళ్ళీ విజయరామ గజపతే, 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టింది ఈయన, దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. ఇక 1924లో పుట్టి 1995లో చనిపోయిన పి.వి.జి. రాజు గారి అసలు పేరు విప్పి చూస్తే పూసపాటి విజయరామ గజపతి రాజు. సోషలిస్టు రాజకీయాల్లో తిరిగి, రాష్ట్రంలో మంత్రిగా చేసి, 1958లో తండ్రి అలక్ నారాయణ పేరు మీద మాన్సాస్ అనే విద్యా ట్రస్టు పెట్టింది ఈయనే. 1713లో కోటకి పునాది పడిన నాటి వాళ్ళని పక్కన పెట్టినా ఐదుగురు తేలారు. ఇన్నిసార్లు తిరిగిన పేరుని సంవత్సరం లేకుండా రాస్తే ఏమవుతుందంటే, 1879లో చనిపోయిన మనిషి 1919లో సంగీత కళాశాల పెట్టినట్టు తయారవుతుంది, లేదా సంగీత కళాశాల పెట్టినాయన ఎవరో ఎవరికీ గుర్తు లేకుండా పోతాడు. రెండోదే ఎక్కువ బాధ కలిగించే విషయం. ఘంటసాల లాంటి వాళ్ళు వచ్చి చదువుకున్న కాలేజీ అది, దాన్ని పెట్టినాయన సరిగ్గా ఆయనగానే గుర్తుండాలి కదా.

ఇంట్లో ఇలా ఎందుకు తిరుగుతాయి పేర్లు అంటే, తాత పేరు మనవడికి పెట్టడం తెలుగువాళ్ళలో అందరికీ ఉన్న అలవాటే, రాజుల ఇళ్ళలో అది ఇంకా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ పేరుతో పాటు గద్దె కూడా వెళ్తుంది. దత్తత వచ్చిన పిల్లాడు కూడా ఈ ఇంటి పేరే మోస్తాడు, 1897లో ఆనంద గజపతి సంతానం లేకుండా పోయాక దత్తత వారసుడిగా వచ్చినాయనే 1919లో కాలేజీ పెట్టిన విజయరామ గజపతి. అంటే రక్తం మారినా పేరు మారలేదు. కాబట్టి ఇది కాకతాళీయం కాదు, కావాలని చేసిన కొనసాగింపు. వాళ్ళకి అందులో గౌరవం ఉంది, వందేళ్ళ తర్వాత చదివేవాళ్ళకి మాత్రం అదే చిక్కు.

ఆనంద గజపతి సంగతి ఇంకా విచిత్రం. కన్యాశుల్కం నాటకం 1892లో మొదటిసారి ఆడింది విజయనగరంలోనే, 1897లో అచ్చయింది, గురజాడ దాన్ని అంకితమిచ్చింది పూసపాటి ఆనంద గజపతి మహారాజుకి. ఈయన పుట్టింది 1850లో. సరిగ్గా వందేళ్ళ తర్వాత 1950లో అదే ఇంట్లో పుట్టిన ఇంకో పూసపాటి ఆనంద గజపతి రాజు ఉన్నారు, పి.వి.జి. రాజు గారి పెద్దబ్బాయి, ఎన్టీఆర్ ప్రభుత్వంలో మంత్రిగా చేశారు, బొబ్బిలి ఎంపీగా కూడా చేశారు, 2016లో చనిపోయారు. ఒకప్పుడు బొబ్బిలి కోటని నేలమట్టం చేసిన వంశం నుంచి వచ్చినాయన్ని బొబ్బిలి జనం ఓట్లేసి పార్లమెంటుకి పంపడం అనేది అసలు విడిగా ఒక వ్యాసం రాయదగ్గ విషయం.

వీళ్ళందరిలో బయటి ప్రపంచానికి ఎక్కువ తెలిసినాయన విజ్జీ. ఈయన పూర్తి పేరులో ఆ ఇంటి రెండు పేర్లూ కలిసిపోయాయి, విజయ ఆనంద గజపతి రాజు. 1905లో పుట్టారు, 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత క్రికెట్ టీముకి కెప్టెన్, మూడు టెస్టులాడి మొత్తం 33 పరుగులు చేశారు, లాలా అమర్‌నాథ్‌ని టూరు మధ్యలోంచి ఇంటికి పంపేసిన గొడవ వల్ల ఆయన పేరు క్రికెట్ చరిత్రలో మంచిగా నిలవలేదు. తర్వాత క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా చేశారు, కామెంటరీ చెప్పారు, లోక్‌సభకి కూడా వెళ్ళారు, 1965లో చనిపోయారు. క్రికెట్ మీద రాసేవాళ్ళు చాలామంది ఈయన్ని విజయనగరం మహారాజు అని రాసేస్తుంటారు, అది తప్పు. ఈయన రెండో కొడుకు, బిరుదు మహారాజ్‌కుమార్, గద్దె ఎక్కింది అన్నగారు అలక్ నారాయణ గజపతి. ఒక్క కుమార్ అనే మాట ఎగిరిపోయేసరికి అన్నగారి గద్దె తమ్ముడికి వెళ్ళిపోయింది, తమ్ముడి బ్యాటింగ్ మీద పడ్డ విమర్శలు మొత్తం సంస్థానం మీద పడ్డాయి. పేరు, బిరుదు, ఊరు మూడూ కలిసి ఉన్నప్పుడు ఏ ఒక్కటి జారినా ఇలాగే అవుతుంది.

బొబ్బిలి వైపు చూస్తే అక్కడ రంగారావు. 1757లో కోటతో పాటు ప్రాణం వదిలినాయన గోపాలకృష్ణ రంగారావు, ఆ రోజు కోటలోంచి బతికి బయటపడ్డ పసివాడు చిన్న రంగారావు, తర్వాతి తరాల్లో వెంకట శ్వేతాచలపతి రంగారావు, ఆయన తర్వాత 1901లో పుట్టిన రామకృష్ణ రంగారావు. ఈ ఆఖరి ఆయన జస్టిస్ పార్టీ తరఫున 1932 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేశారు, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు, 1937 ఎన్నికల్లో వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. బొబ్బిలి రాజా అని ఊరికే రాసిన పుస్తకాల్లో ఏ రాజా అన్నది సంవత్సరం చూసి పట్టుకోవాల్సిందే. ఇక 1964లో వచ్చిన బొబ్బిలి యుద్ధం సినిమాలో ఎస్.వి. రంగారావు అనే పేరున్న నటుడు ఉండి కూడా, రాజా రంగారావు వేషం వేసింది ఎన్టీఆర్, ఎస్.వి. రంగారావు వేసింది తాండ్ర పాపారాయుడు. ఆ సినిమా గురించి మాట్లాడుకునేటప్పుడు రంగారావు బాగా చేశాడు అంటే పాత్ర గురించా, నటుడి గురించా అన్నది విడిగా చెప్పుకోవాలి.

రాజుల ఇళ్ళు దాటి మామూలు జనంలోకి వస్తే పేర్లు తిరగడానికి కారణం వేరే, ఇక్కడ దేవుళ్ళు. ఉత్తరాంధ్రలో పేర్లు చాలా వరకు చుట్టుపక్కల ఉన్న కొద్దిమంది దేవుళ్ళ దగ్గర్నుంచే వస్తాయి. సింహాచలం అప్పన్న వల్ల అప్పన్న, అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, ఆఖరికి సింహాచలం అని కొండ పేరే మనిషికి పెట్టడం. అరసవల్లి వల్ల సూర్యనారాయణ, సూరిబాబు, సూరమ్మ. శ్రీకూర్మం వల్ల కూర్మారావు, కూర్మయ్య. శ్రీముఖలింగం వల్ల ముఖలింగం. రామతీర్థం వల్ల లెక్కలేనంతమంది రాములు. విజయనగరం పైడితల్లి అమ్మవారి వల్ల పైడిరాజు, పైడమ్మ, పైడితల్లి, ఆ అమ్మవారు బొబ్బిలి యుద్ధం నాటి పెద విజయరామరాజు చెల్లెలే అని ఇక్కడి జనం నమ్మకం. ఒకే కొండ చూస్తూ బతికే ఇన్ని వందల ఊళ్ళలో ఒకే పేరు పడటం సహజం, అది భక్తి, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. చూడండి, 2024లో విజయనగరం ఎంపీగా గెలిచినాయన కలిశెట్టి అప్పలనాయుడు, కథలు నవలలు రాసే సిక్కోలు రచయిత అట్టాడ అప్పలనాయుడు, పలాస నుంచి గెలిచి 2020లో మంత్రి అయిన డాక్టర్ సీదిరి అప్పలరాజు. పార్లమెంటులో ఒకరు, సాహిత్యంలో ఒకరు, అప్పటి రాష్ట్ర కేబినెట్‌లో ఒకరు. ముగ్గురి వెనకా ఉన్నది ఒకే అప్పన్న.

ఊళ్ళలో దీనికి ఎప్పట్నుంచో ఒక పద్ధతి ఉంది. ఒకే వీధిలో నలుగురు అప్పలనాయుళ్ళు ఉంటే ఒకడు చెరువుగట్టు అప్పలనాయుడు, ఒకడు మేస్త్రి అప్పలనాయుడు, ఒకడు పెద్దింటి అప్పలనాయుడు, ఎవరికీ గందరగోళం ఉండదు. ఉండే చోటు, చేసే పని, ఇల్లు. ఎన్నికల రూల్స్‌లో కూడా సరిగ్గా ఇదే ఉంది, ఇద్దరు అభ్యర్థులకి ఒకే పేరుంటే వాళ్ళ వృత్తి గానీ నివాసం గానీ జోడించి వేరు చెయ్యాలని. అయినా అది చాల్లేదు, ఎందుకంటే గట్టి అభ్యర్థి పేరే ఉన్న ఇంకో మనిషిని వెతికి ఇండిపెండెంటుగా నిలబెట్టి ఓట్లు చీల్చడం దేశమంతా ఉన్న ఎత్తుగడ, అందుకే 2015 నుంచి ఈవీఎం మీద అభ్యర్థి ఫొటో కూడా పెట్టడం మొదలుపెట్టారు. ఒకే పేరున్న వాళ్ళు పోటీ చెయ్యకుండా ఆపమని 2024లో సుప్రీంకోర్టుకి వెళ్తే కోర్టు ఒప్పుకోలేదు. అది న్యాయమే అనిపిస్తుంది, అమ్మానాన్నా పెట్టిన పేరు వల్ల ఒక మనిషి పోటీ చేసే హక్కు పోతే ఎలా. ఉత్తరాంధ్రలో అయితే అలాంటి రూలు పెడితే సగం ఊళ్ళలో సర్పంచి ఎన్నికలే జరగవు.

శ్రీకాకుళం జిల్లా అంటే గుర్తొచ్చే పాత తరం వాళ్ళలో ఇద్దరు రామ్మూర్తులు ఉన్నారు, ఇద్దరూ దాదాపు ఒకే కాలం వాళ్ళు కావడం వల్ల పిల్లలు తరచుగా కలిపేస్తారు. గిడుగు రామమూర్తి పంతులు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో టీచరుగా చేస్తూ సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారు చేశారు, మాట్లాడే భాషలోనే రాయాలని జీవితాంతం కొట్లాడారు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఇప్పుడు ఇలా మాట్లాడినట్టే రాసుకోగలుగుతున్నామంటే ఆ మనిషి వల్లే. కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టం మనిషి, మల్లయోధుడు, విజయనగరంలో వ్యాయామ టీచరుగా చేసి తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి, ఒంటికి చుట్టిన గొలుసులు ఊపిరి బిగించి తెంపడం, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకోవడం, కార్లు కదలకుండా పట్టుకోవడం లాంటివి చేసి కలియుగ భీముడు అనిపించుకున్నారు, 1942లో చనిపోయారు. గిడుగు వారు పోయింది 1940లో. ఒకరిది మాట బలం, ఒకరిది కండబలం. శ్రీకాకుళం టౌన్లో స్టేడియం కోడి రామమూర్తి పేరు మీద ఉంది, దాన్ని చూసి తెలుగు భాష కోసం పోరాడినాయన స్టేడియమా అని అడిగే పిల్లలకి ఓపిగ్గా చెప్పాల్సిన విషయమిది. ఇక్కడ వేరు చేసేవి ముందున్న ఇంటిపేరు, వెనకున్న పంతులు, నాయుడు. మధ్యలో మిగిలిన రామమూర్తిని మాత్రమే పట్టుకుంటే ఇద్దరూ పోతారు.

సత్యనారాయణ కూడా అంతే. వెంపటాపు సత్యనారాయణ గిరిజనుల కోసం బడి వదిలేసి ఉద్యమంలోకి వెళ్ళిన టీచరు, శ్రీకాకుళం సాయుధ పోరాటం నాయకుడు, 1970లో చంపేశారు, జనానికి ఆయన సత్యం మాస్టారు. బొత్స సత్యనారాయణ విజయనగరం జిల్లా రాజకీయాల్లో ఎన్నో ఏళ్ళుగా ఉన్న నాయకుడు, పలుసార్లు మంత్రి. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన ఎస్. రాజేశ్వరరావు సినిమా సంగీత దర్శకుడు, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన సి. రాజేశ్వరరావు చాలా ఏళ్ళు సీపీఐ ప్రధాన కార్యదర్శి, మధ్యలో తేడా ఒక్క అక్షరం. ఇంటిపేరుని ఇలా ఒక్క ఇనీషియల్‌కి కుదించడం వల్లే సగం చిక్కులు వచ్చాయి. సాలూరి, చండ్ర అని పూర్తిగా రాస్తే ఎవరికీ అనుమానం రాదు.

ఈ విషయంలో అందరికంటే ముందు జాగ్రత్త పడింది ఇక్కడి రచయితలు. కాళీపట్నం రామారావు గారు పుట్టింది 1924లో, అంతకు ముందు ఏడాదే పుట్టిన ఇంకో రామారావు ఎన్టీఆర్, ఆ పేరు పక్కన ఇంకే రామారావు నిలబడగలడు. కానీ ఈయన కారా అయ్యారు, కారా మాస్టారు, శ్రీకాకుళంలో 1997లో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నిటినీ ఒక చోటికి చేర్చిన మనిషి. ఆ రెండక్షరాలు ఇంకెవరికీ లేవు. కథకుడు చాగంటి సోమయాజులు చాసో అయ్యారు. ఇది ఎంత అవసరమో ఇంకో సోమయాజులుని చూస్తే తెలుస్తుంది, జొన్నలగడ్డ వెంకట సోమయాజులు కూడా శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టి విజయనగరంలోనే పెరిగి, డిప్యూటీ కలెక్టరుగా చేసి, కన్యాశుల్కం నాటకంలో రామప్పపంతులు వేసి, శంకరాభరణంలో శంకరశాస్త్రిగా తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయినాయన. ఇద్దరు సోమయాజులూ అవే రెండు ఊళ్ళ మనుషులు, ఇద్దరూ కళల్లోనే, ఒకరికి చాసో అనే పేరు లేకపోతే ఎన్ని పొరపాట్లు జరిగేవో. రచయిత భమిడిపాటి రామగోపాలం భరాగో, శ్రీకాకుళంలో పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య వపా. ఇంటిపేరులో ఒక ముక్క, సొంత పేరులో ఒక ముక్క కలిపి కుట్టిన పేర్లివి, ఇంటిపేరుని పారెయ్యకుండానే చిన్నగా చెయ్యడం.

ఒక్క రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి దగ్గర మాత్రం కాలం దెబ్బ కొట్టింది. 1922లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలో లాయరుగా బతుకుతూ ఆరు సారా కథలు రాసినాయన రావిశాస్త్రి అనే పేరు ఎంచుకున్నప్పుడు ఆ పేరు ఆయనొక్కరిదే. 1962లో పుట్టిన రవిశాస్త్రి అనే క్రికెటరు వస్తాడని ఎవరికి తెలుసు. తెలుగు లిపిలో ఒక దీర్ఘం తేడా ఉంది, చాలు. అదే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతికితే ఆరు సిక్సులు, కామెంటరీ, కోచింగ్ అన్నీ వస్తాయి, సారా కథలు మాత్రం రావు. కొత్త తరం పాఠకుడు మొదటిసారి ఆయన కోసం వెతికి, క్రికెట్ వీడియోలు చూసి వెళ్ళిపోతే ఒక గొప్ప రచయిత ఒక పాఠకుణ్ణి పోగొట్టుకున్నట్టే. అందుకే ఆయన గురించి రాసేవాళ్ళు కనీసం ఒక్కసారైనా రాచకొండ అని పూర్తి పేరు రాయడం మంచిది.

అయితే ఇంటిపేరు కూడా అన్ని వేళలా కాపాడదు. ఆదిభట్ల అనగానే హరికథా పితామహుడు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గుర్తొస్తారు, కానీ సత్యం మాస్టారితో పాటు 1970లో చనిపోయిన విప్లవకారుడు కూడా ఆదిభట్లే, ఆదిభట్ల కైలాసం. జిల్లా పేరు కూడా కాపాడదు. సాలూరునే తీసుకుంటే మొదట విశాఖపట్నం జిల్లా, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అందులోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. సాలూరి రాజేశ్వరరావు గారిది ఏ జిల్లా అంటే ఎప్పుడు రాసిన పుస్తకం చదివారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది, ఏ జవాబూ తప్పు కాదు. వీరఘట్టం కూడా ఇప్పుడు మన్యం జిల్లాలోనే ఉంది, కాబట్టి కోడి రామమూర్తి గారి మీద రెండు జిల్లాల వాళ్ళూ మా మనిషే అనొచ్చు. అందుకే జిల్లా కంటే ఊరు నమ్మకం, ఊరి కంటే సంవత్సరం నమ్మకం, అన్నిటికంటే చేసిన పని నమ్మకం.

ఊళ్ళని నమ్మొచ్చు అన్నా మళ్ళీ ఇక్కడ ఒక చిక్కుంది, ఈ రెండు ప్రధాన ఊళ్ళకీ వేరే చోట్ల అదే పేరున్న ఊళ్ళు ఉన్నాయి. హంపి విజయనగరం 1336లో మొదలై 1565 యుద్ధంతో కూలిపోయింది, మన విజయనగరం కోట దాని తర్వాత దాదాపు నూట యాభై ఏళ్ళకి, 1713లో, విజయ నామ సంవత్సరంలో వచ్చింది. శ్రీకాకుళం ఇంకొకటి కృష్ణా నది ఒడ్డున ఘంటసాల మండలంలో ఉంది, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకి పోతూ ఆముక్తమాల్యద రాయమని కలలో దేవుడు చెప్పింది ఆ కృష్ణా ఒడ్డు శ్రీకాకుళంలో. విజయనగర రాజు, శ్రీకాకుళంలో కల, కళింగ యాత్ర అని మూడు మాటలూ వరసగా చదివితే ఉత్తరాంధ్ర మనిషి ఎవరైనా ఇదంతా మన నాగావళి ఒడ్డునే జరిగిందనుకుంటాడు, అనుకోవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే రాయలు నిజంగానే ఇటు వచ్చాడు, 1516లో సింహాచలం గుళ్ళో శాసనం కూడా వేయించాడు. ఆయన వచ్చింది గజపతి ప్రతాపరుద్రుడితో యుద్ధానికి. ఆ గజపతులు కటకం నుంచి ఏలిన ఒడ్డె రాజులు, పూసపాటి వారి గజపతి వేరు. హంపి విజయనగరం రాజు గజపతుల మీదకి దండెత్తి వచ్చాడు, ఇక్కడి విజయనగరం రాజులు తామే గజపతులు.